మూడు లాంతర్ల దగ్గర మిసో

మొదటి రోజు, బుధవారం

రైలు విజయనగరంలో ఆగేసరికి ఇంకా మంచు విడలేదు. డిసెంబరు చలికి ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే అతను కూడా చెవులకు మఫ్లరు చుట్టుకున్నాడు. మా చెల్లెలి కొడుకు కోతిటోపీ పెట్టుకుని స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. ఆరేళ్లు దుబాయి ఎండలో ఉండొచ్చినవాడికి మన చలి కూడా చలే మరి.

"దొడ్డమ్మా, బండెక్కగలవా, ఆటో పిలవనా?" అన్నాడు. అరవై దాటాక ఎవరైనా అలా అడిగితే నాకు పౌరుషం వస్తుంది. సూట్‌కేసు వాడి కాళ్ల దగ్గర పెట్టించి వెనక కూచున్నాను.

నేను వచ్చింది పైడితల్లి అమ్మవారి దర్శనానికో, ఎవరి పెళ్లికో కాదు. వాడు హోటలు పెడుతున్నాడు. ఏం హోటలురా అని ఫోన్లో అడిగితే "జపనీస్ మెడిటరేనియన్" అన్నాడు. సిగ్నల్ సరిగా లేదేమో అనుకుని మళ్లీ చెప్పించుకున్నాను. రెండోసారీ అదే మాట. దుబాయిలో అలాంటి హోటల్లోనే గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి గ్రిల్ దగ్గర వంటవాడి దాకా వచ్చాడు. మర్నాడే మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ముప్ఫయ్యేళ్లు బ్యాంకులో లోన్లు చూశావు. నువ్వు చెప్తే వింటాడు. శుభ్రంగా టిఫిన్ సెంటరు పెట్టుకోమని చెప్పు" అంది. నేను సంతకం పెట్టిన హోటలు లోన్లలో సగం మొండి బాకీలే అయ్యాయి. ఆ సంగతి వాడితో అన్నాను కూడా. వాడు తొణకలేదు. "నాలుగు రోజులు నాతో తిరుగు. శనివారం రాత్రి తిను. అప్పుడు చెప్పు" అన్నాడు.

మూడు లాంతర్ల జంక్షనుకు దగ్గర్లో ఒక బట్టల కొట్టు పైన మేడ అద్దెకు తీసుకున్నాడు. ఇరవై కుర్చీలు, తెల్ల సున్నం, గోడకి బొమ్మ కూడా లేదు. వంటగదిలో మాత్రం సామాను కిక్కిరిసి ఉంది. బస్తాడు నువ్వులు, ఆలివ్ నూనె డబ్బాలు, అటక మీద నల్లగా ఎండిన తోలు పట్టీల్లాంటివి. అవి కొంబు అట, సముద్రపు నాచు. చల్లటి నీళ్లలో పెరుగుతుంది, జపాన్లో ఎక్కువగా హొక్కైడో వైపు నుంచి వస్తుంది. మన సముద్రంలో దొరకదు కాబట్టి దుబాయి నుంచి మోసుకొచ్చాడు. మిసో డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టాడు. పాత చింతపండూ నానిన పప్పూ కలిసినట్టు వాసన. సోయా చిక్కుళ్లు ఉడికించి, ఉప్పు, కోజి కలిపి నెలల తరబడి మాగబెడతారట. కోజి అంటే అన్నం మీద పెంచే ఒక రకం బూజు. మనం బూజు పడితే పారేస్తాం, వాళ్లు పని పెట్టి పడిపిస్తారు.

మే నెలలో వీడూ సొంతంగా మిసో పెట్టబోయాడు, సోయా బదులు శనగలతో. విజయనగరం వేసవికి జాడీలో తెల్లగా రావలసింది నల్లగా వచ్చింది. ఇంటి ఓనరు పైకొచ్చి "బాబూ, ఎలకేమైనా చచ్చిందా?" అని అడిగాడట. ఆ జాడీని రాత్రిపూట తీసుకెళ్లి పూడ్చిపెట్టాడు. ఇది చెప్తూ వాడు నవ్వాడు గానీ, నేను మనసులో నష్టం పద్దు రాసుకున్నాను.

"అసలు జపానుకీ మధ్యధరా సముద్రానికీ చుట్టరికం ఏమిటిరా?" అని అడిగాను. సమాధానం చెప్పకుండా ఒక టమాటా కోసి, ఉప్పు చల్లి, పదినిమిషాలు ఆగి తినమన్నాడు. తిన్నాను. టమాటా లాగానే ఉంది. తర్వాత కొంబు నానిన గోరువెచ్చని నీళ్లు రెండు చెంచాలు తాగించి, మళ్లీ టమాటా తినమన్నాడు. ఈసారి నోట్లో ఏదో లావైంది. పులుపు కాదు, తీపి కాదు, నాలుక మీద నిలబడే రుచి. 1908లో కికునాయె ఇకెడా అనే జపాను రసాయన శాస్త్రవేత్త కొంబు నీళ్లలోంచి గ్లుటమేట్‌ను వేరు చేసి ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. అదే గ్లుటమేట్ పండిన టమాటాలో ఉంటుంది, ఏళ్ల తరబడి మాగిన ఇటలీ ఛీజులో ఇంకా ఎక్కువ. అందుకే జపానువాళ్లు ఇటలీ వంటని ఇంత తొందరగా సొంతం చేసుకున్నారని వాడి వాదన.

"మన షడ్రుచుల్లో ఇది ఏదిరా?"

"అందులో లేదు దొడ్డమ్మా. అమ్మమ్మ ఎండు నెత్తళ్ల పులుసులో ఉంది."

సాయంత్రం కోట వైపు నడిచాం. 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన చేసిన కోట. ఇప్పుడు లోపల కాలేజీ పిల్లల సైకిళ్లూ, బైకులూ. గంటస్తంభం దగ్గర మిరపకాయ బజ్జీలు తిని పడుకున్నాను.

రెండో రోజు, గురువారం

శ్రీకాకుళం వెళ్లేవాళ్లకి ఒక చిన్న మాట. రైల్లో వెళ్తే శ్రీకాకుళంలో దిగరు, ఆమదాలవలసలో దిగుతారు. స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు, ఊరు ఇంకా అవతల. మేం కారులో వెళ్లాం కాబట్టి ఆ బాధ లేదు. డెబ్బై కిలోమీటర్లు, జాతీయ రహదారి, మధ్యలో ఒక్కసారి టీ.

మొదటి మజిలీ ఊరి బయట ఒక రైతు కళ్లం. కొత్త ధాన్యం ఆడించిన బియ్యం కోసం. రాగోలు పరిశోధనా స్థానం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు ఈ జిల్లాలో అందరూ తినే రకం. మన ఇళ్లలో కొత్త బియ్యం అంటే తిట్టుకుంటాం. వండితే ముద్దవుతుంది, అజీర్తి అంటాం, అందుకే పాత బియ్యానికి రేటెక్కువ. వీడు మాత్రం ఈ ఏడు పంటే కావాలని అడిగి మరీ తీసుకున్నాడు. జపానులో కొత్త బియ్యాన్ని షిన్‌మై అంటారట, శరదృతువులో దాని కోసం ఎదురు చూస్తారట. ముద్ద కట్టడమే వాళ్లకి కావలసింది. అసలు జపాను బియ్యం పొట్టి గింజ, దాని జిగురు మన సన్నాలకి రాదు. కానీ మూడు నాలుగు వారాల కిందట కోసిన ధాన్యమైతే "పని జరిగిపోతుంది" అన్నాడు. ఆ రైతు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పాత బియ్యం అడగకుండా కొత్తవి కావాలన్న బేరం ఆయనకి ఇదే మొదటిసారేమో.

అక్కణ్నుంచి కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌసు, ఇసుక మీద వరసగా పడవలు. మేం వెళ్లేసరికి ఎనిమిది దాటింది, మంచి సరుకు అప్పటికే అమ్ముడైంది. గంపల ముందు కూచున్న ఆడవాళ్లు వాడిని పేరు పెట్టి పిలుస్తున్నారు. కానాగంతలు కావాలి వాడికి. మన దగ్గర అది చవక చేప, వంజరం, చందువల పక్కన దాన్ని ఎవరూ పట్టించుకోరు. జపానులో దాని చుట్టం సబా, ఉప్పు రాసి కాల్చి తింటారు. మొప్పలు ఎత్తి చూసి, పొట్ట నొక్కి, నలభై తీసుకున్నాడు. ఒకామె "పొట్ట నొక్కీకు బాబూ, మెత్తబడిపోద్ది" అని కసిరింది.

పచ్చి చేప పెడతావా అని నాకు మొదటి నుంచీ టెన్షన్. వాడు తల అడ్డంగా ఊపాడు. చేపలో పరాన్నజీవులు చావాలంటే మైనస్ ఇరవై డిగ్రీల్లో వారం రోజులు గడ్డకట్టించి ఉంచాలి, మధ్యలో కరెంటు పోతే ఆ లెక్క పోయినట్టే. "దుబాయిలో ఆ ఫ్రీజరు ఉంది, ఇక్కడ లేదు. లేనిదాన్ని ఉందని చెప్పి పెట్టను" అన్నాడు. ఈ ఒక్క మాటకి వాడి మీద నాకు కొంచెం నమ్మకం కుదిరింది. బ్యాంకులో కూడా మేం చూసేది ఇదే, మనిషికి తన చేతకానిది తెలుసా లేదా అని.

దారిలోనే కదా అని శాలిహుండం ఎక్కాం. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు. పైనుంచి నది వెడల్పంతా కనిపిస్తుంది. కొండ కింద మ్యూజియంలో ఇక్కడ దొరికిన విగ్రహాలున్నాయి. తార ఉంది, మారీచి ఉంది. మా వాడు మారీచి ముందు ఆగి, జపానులో ఈవిడే మరీషితెన్, అక్కడి సమురాయ్ యోధులు ఈవిడకి మొక్కేవారు అన్నాడు. దుబాయిలో వాడి హెడ్ కుక్ క్యోటో మనిషి, ఆయన పర్సులో ఈవిడ బొమ్మ ఉండేదట. వంటవాడికి యుద్ధ దేవత ఎందుకురా అంటే, "శనివారం రాత్రి కిచెన్ చూస్తే నీకే తెలుస్తుంది" అన్నాడు.

రాత్రి శ్రీకాకుళంలో మా అమ్మ దగ్గర. ఎనభై మూడేళ్లు. ఇప్పటికీ పులుసు తనే కలుపుతుంది, ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఎండు నెత్తళ్లు చాటలో పోసుకుని కూచుని తలలు గిల్లుతోంది. మా వాడు పక్కన చతికిలబడి తనూ గిల్లడం మొదలుపెట్టాడు.

"అమ్మమ్మా, తలలు ఎందుకు తీస్తావు?"

"చేదు రా. పేగు, తల ఉంటే పులుసు చేదెక్కిపోద్ది. ఏటి, దుబాయిలో ఇది నేర్పలేదా?"

నేర్పారట. జపానులో నిబోషి అని ఎండబెట్టిన చిన్న చేపల్తో చారు నీళ్లు తీస్తారు. ముందు తల, పేగు గిల్లి పారేస్తారు, చేదు రాకుండా. సరిగ్గా ఇదే పని, ఇదే కారణం. దుబాయిలో మొదటి వారం ఆ పని చెప్తే వీడు ఒక్క క్షణం ఆలోచించకుండా గిల్లేసరికి, క్యోటో ఆయన "నీకు ఎవరు నేర్పారు?" అని అడిగాడట. మా అమ్మ అని చెప్పలేక మా అమ్మమ్మ అని చెప్పాడట. మా చెల్లెలికి ఎండు చేప వాసనే పడదు మరి.

పులుసు అన్నంలోకి వేడి వేడిగా తిన్నాం. నిన్న మధ్యాహ్నం టమాటా తిన్నప్పుడు నాలుక మీద లావైంది ఏమిటో ఇప్పుడు గుర్తుపట్టాను. అరవై ఏళ్లుగా తింటున్నాను, దానికి పేరుంటుందని తెలియలేదు.

మూడో రోజు, శుక్రవారం

పలాస. పొద్దున్నే బయల్దేరినా ఎండెక్కింది. టెక్కలి దగ్గర తేలినీలాపురం మీదుగా వెళ్లి చింతచెట్ల మీద గూడబాతుల్ని పది నిమిషాలు చూశాం. ఏటా చలికాలం ముందే వచ్చి, పిల్లల్ని పెంచుకుని మార్చి దాకా ఉంటాయి. ఊళ్లోవాళ్లు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు. చెట్టు కింద నిలబడితే మాత్రం గొడుగు వేసుకోవాలి.

పలాసలో జీడి పని జరిగే ఇళ్ల వీధిలోకి వెళ్లేసరికి గాలి మారింది. జీడిపిక్క కాల్చిన పొగ కళ్లకు ఘాటుగా తగులుతుంది. పిక్కలు ఎనభై కిలోల బస్తాల లెక్కన కొంటారు. ఉడికించి, ఎండబెట్టి, పగలగొట్టి, పొర తీసి, గుళ్లు వేరు, బద్దలు వేరు, ముక్కలు వేరు. ఎక్కువగా ఆడవాళ్ల పని. పెంకులోని జీడి రసం తగిలి వాళ్ల వేళ్లు నల్లగా మచ్చలు పడి ఉన్నాయి. పలాస జీడిపప్పు అని ప్యాకెట్ మీద బంగారు అక్షరాలతో రాస్తారు, ఆ వేళ్ల సంగతి ఏ ప్యాకెట్ మీదా ఉండదు.

వాడికి గుళ్లు అక్కర్లేదు, ముక్క చాలు. ఇటలీ, లెబనాన్ వంటల్లో పైన్ గింజలు వేస్తారు. అవి ఇక్కడ కిలో కొనాలంటే ఆస్తులు రాసివ్వాలి. జీడి ముక్క దోరగా వేయించి చల్లితే ఆ కొవ్వూ, ఆ మెత్తదనమూ వచ్చేస్తాయట. మా అమ్మకని ఒక పావు కిలో గుళ్లు నేను కొన్నాను.

ఆ సాయంత్రమే మాకు ఒక దెబ్బ తగిలింది. సుషీ అనే జపాను అన్నం చుట్టలకి వాడే నోరి ఆకులు, అవీ సముద్రపు నాచే, ముంబై నుంచి పార్శిల్లో రావాలి. మంగళవారం రావలసింది శుక్రవారం వచ్చింది. అట్టపెట్టె మూల చిరిగి, లోపల చెమ్మ చేరి, కరకరలాడాల్సిన ఆకులు తడి కాగితాల్లా వంగిపోతున్నాయి. ఆ పార్శిల్ ఆఫీసువాళ్లు "మీరు పెళుసు వస్తువు అని రాయించలేదు" అన్నారు. రాయించాడు, పెట్టె మీద ఎర్ర అక్షరాల్లో ఉంది కూడా. డబ్బు వాపసు అడిగితే ఒక ఫారం ఇచ్చారు. వాడు కారులో చాలాసేపు మాట్లాడలేదు. శనివారానికి పన్నెండు మందిని పిలిచాడు.

నాలుగో రోజు, శనివారం

అమ్మను ముందు సీట్లో కూచోబెట్టుకుని విజయనగరం బయల్దేరాం. దారిలో పొందూరు వెళ్దామన్నాడు, చేతులు తుడుచుకునే గుడ్డలు ఖద్దరువి కావాలట. అక్కడ నేత ఇంట్లో ఒక పెద్దావిడ పత్తి దువ్వుతోంది. చేతిలోది దువ్వెన కాదు, వాలుగ చేప దవడ ఎముక. ఆ సన్నటి పళ్లతో గింజ చుట్టూ ఉన్న దూదిని ఒకే వరసలోకి తెస్తారు, అప్పుడే వంద కౌంటు సన్నటి నూలు వస్తుంది. మా వాడు ఆ ఎముకను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. చేపని ఇన్ని రకాలుగా వాడే జిల్లా ఇంకోటి ఉంటుందా అని నాకూ అనిపించింది. గుడ్డ ధర విన్నాక మాత్రం ఇద్దరం మౌనంగా బయటికొచ్చాం. చివరికి మా అమ్మ పాత నేత చీర చింపి పన్నెండు గుడ్డలు కుట్టించాం.

ఏడున్నరకి జనం వచ్చారు. మా చెల్లెలూ మరిదీ, ఇంటి ఓనరు, కాలేజీ లెక్చరరు ఒకాయన, భార్యాభర్తలు ఇద్దరు డాక్టర్లు, మిగతా వాడి స్నేహితులు. మా అమ్మ శనివారం చేప ముట్టదు, వేంకటేశ్వర స్వామి మొక్కు. ఆ సంగతి తెలిసీ శనివారమే ఎందుకు పెట్టావురా అంటే, "అందుకే పెట్టాను" అన్నాడు.

ముందు గుమ్మడి పువ్వు టెంపురా వచ్చింది. పువ్వు లోపల విరిగిన పాల ముద్ద, ఇటలీవాళ్లు చేసినట్టు. పైన పిండి ఐసు నీళ్లతో, ఉండలు కట్టినా పట్టించుకోకుండా రెండు తిప్పులు తిప్పి కలిపింది, అందుకే పెళుసుగా గాజులా విరిగింది. మా అమ్మ పట్టుకుని చూసి "బజ్జీయే కదరా" అంది. ఆ మాట సగం నిజమే. 1543లో పోర్చుగీసువాళ్లు జపాను తీరం చేరిన తర్వాత, వాళ్లు ఉపవాస దినాల్లో పిండిలో ముంచి వేయించుకునే పద్ధతి అక్కడ టెంపురా అయింది. జపాను, యూరపు వంటల సంబంధం హోటళ్లవాళ్లు కలిపింది కాదు, దానికి దాదాపు ఐదొందల ఏళ్లు.

తర్వాత చారు గిన్నెలు. మాకు కొంబుతో పాటు ఎండు నెత్తళ్లు కూడా వేసిన దషీ, అంటే జపాను చారు నీళ్లు, అమ్మకి ఒక్క కొంబు మాత్రమే వేసినది. అందులో నిప్పుల మీద కాల్చిన టమాటా ముక్క, మీద ఆలివ్ నూనె నాలుగు చుక్కలు. ఈ రాత్రి తిన్నవాటిలో దీనికే నేను మొదటి మార్కు వేస్తాను. రెండు రోజుల కిందటి పులుసుకి ఇది దూరపు చుట్టం, చింతపండు లేని చుట్టం. అమ్మ గిన్నెలోంచి ఒక చెంచా తాగి చూశాను. బావుంది గానీ పలచగా ఉంది. గ్లుటమేట్‌కి చేపలో ఉండే ఇనోసినేట్ తోడైతే రుచి కలిసి రెట్టిస్తుందట, ఒకదానికొకటి కూడినట్టు కాదు. లెక్చరరుగారు కెమిస్ట్రీ కాబట్టి దాని మీద పది నిమిషాలు మాట్లాడారు. మేం తాగుతూ విన్నాం.

మిసో కలిపిన హమ్మస్ నాకు నచ్చలేదు. శనగల ముద్ద, నువ్వుల ముద్ద, నిమ్మరసం, దాంట్లో మళ్లీ ఉప్పు బురద లాంటి మిసో. ఎందుకు? హమ్మస్‌కి ఏ లోటూ లేదు. అలాగే నోరి చుట్టలు, చెమ్మ ఆకుల్ని పెనం మీద వేడి చేసి చుట్టాడు గానీ నమిలితే రబ్బరు. వాడికే తెలిసిపోయి సగంలో ఆపేశాడు. ఆ అన్నాన్ని వెంటనే అరచేతిలో ముద్దలు కట్టి నిప్పుల మీద కాల్చి, కానాగంతల పక్కన పెట్టాడు. ఇది మాత్రం అద్భుతం. ఉప్పు రాసి కాల్చిన చేప, చర్మం పొంగి నల్లబడి, లోపల నూనె కారుతూ. మీద చల్లిన పొడి ఏమిటని అందరూ అడిగారు. లెబనాన్‌లో జాతర్ అని థైమ్, నువ్వులు, సుమాక్ కలిపి చేస్తారు. థైమ్ బదులు వీడు వాము ఆకు ఎండబెట్టాడు. రెండింటి ఘాటూ ఒక్క తీరే, థైమ్‌లో ఉండే థైమాలే మన వాములోనూ ఉంటుంది. సుమాక్ పులుపుకి ఎండు గోంగూర పొడి. కొత్త బియ్యం ముద్ద విరగకుండా నిలబడింది. ఇంటి ఓనరు తినడానికిచ్చిన జపాను పుల్లలు పక్కన పడేసి చేత్తో తినడం మొదలుపెట్టి, తప్పేమో అన్నట్టు చూశాడు. జపానులో సుషీని చేత్తో తినడం మామూలేనని మా వాడు చెప్పాక మేమందరం పుల్లలు పడేశాం.

ఇక వంకాయ. నిప్పుల్లో పూర్తిగా మాడ్చి, తొక్క తీసి, గుజ్జు మీద నువ్వుల ముద్ద, పలచగా మిసో, జీడి ముక్కలు. జపానులో వంకాయకి మిసో పూసి కాలుస్తారు, నాసు దెంగాకు అంటారు. లెబనాన్, సిరియాల వైపు కాల్చిన వంకాయలో తహీని కలిపి బాబా గనూజ్ చేస్తారు. తహీని అంటే నువ్వుల ముద్దే. జపానులో కూడా నువ్వులు నూరి కూరల్లో కలుపుతారు. మా అమ్మ వేలితో తీసుకుని నోట్లో పెట్టుకుంది. అందరం ఆవిడ మొహమే చూస్తున్నాం.

"ఏటిరా ఇది, నువ్వు వంకాయ పచ్చడికి ఇన్ని సోకులా?" అని ఇంకో వేలు తీసుకుంది. "పచ్చిమిరగాయ లేదు. ఇంగువ మర్చిపోయినావు. నువ్వులు బాగా వేగినాయిలే." కాసేపాగి, "అన్నం ఉందా?" అంది.

అన్నం తెచ్చారు. ఆవిడ కలుపుకుని తినేసింది. మా చెల్లెలు నా వైపు చూసింది, నేను నీళ్ల గ్లాసు వైపు చూశాను.

చివర్లో అమ్మకి మాత్రం ఒక చిన్న పళ్లెం. తెల్లగా, వణుకుతూ, జున్ను ముక్కలా. గోమాదోఫు. జపాను బౌద్ధ మఠాల్లో సన్యాసులు తినే శాకాహారం. నువ్వులు మెత్తగా నూరి, పాలు తీసి, కుజు అనే దుంప పిండి వేసి గట్టిపడేదాకా కలుపుతారు, పేరులో తోఫు ఉన్నా సోయా ఉండదు. కుజు ఇక్కడ లేదు కాబట్టి ఏం వేశాడో వాడు చెప్పకముందే అమ్మ చెప్పేసింది.

"ఓలమ్మో! పాలగుండరా ఇది! నీకు చంటప్పుడు విరోచనాలైతే నేనే కాచి పోసీదాన్ని."

వాడు దాని మీద ఉప్పు రవ్వ, ఆలివ్ నూనె వేశాడు. అమ్మ పళ్లెం వెనక్కి నెట్టి బెల్లం పాకం తెమ్మంది. వాడికి ఒక్క క్షణం మొహం వాడింది. అయినా తెచ్చాడు. నేనూ ఒక ముక్క రెండు రకాలుగా తిన్నాను. నిజం చెప్తే బెల్లంతోనే బావుంది, ఇది నేను వాడితో అనలేదు. మచ్చా అనే జపాను గ్రీన్ టీ పొడి వేసిన తిరమిసు, ఇటలీ తీపి, కూడా పెట్టాడు మిగతావాళ్లకి. అది తడిసిన గడ్డిమోపు వాసన, డాక్టరుగారి భార్య మాత్రం రెండోసారి వేయించుకుంది.

పదిన్నరకి అందరూ వెళ్లాక కుర్చీలు బల్లల మీద బోర్లించి లెక్క కూచున్నాం. ఒక్కొక్కరికి 800 రూపాయలు అనుకున్నాడు. మిసో, ఆలివ్ నూనె, కొంబు ఖర్చులే సగానికి పైన. నేను బ్యాంకు భాషలో చెప్పాను. నోరి మానెయ్యి, అది పార్శిల్ వాళ్ల దయ మీద బతికే వ్యాపారం. తిరమిసు మానెయ్యి. మిసో కలిపిన హమ్మస్ మానెయ్యి. వారంలో మూడు రోజులే తెరువు, కళింగపట్నంలో చేప దొరికిన రోజుల్లో. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పధ్నాలుగు దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలు ఏం పెడతావో ఇప్పుడే ఆలోచించుకో. పగలు కింద బట్టల కొట్టుకొచ్చే జనానికి ఆ కాల్చిన అన్నం ముద్దా, చేపా, చారూ 150కి ఇవ్వు. అద్దె దాంతో రావాలి.

"అంటే వద్దనలేదు కదా దొడ్డమ్మా?"

"లోను మాత్రం అడక్కు" అన్నాను. మా చెల్లెలు ఆ మాట విని అటు తిరిగి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. రాత్రంతా నాతో మాట్లాడలేదు.

ఆదివారం, తిరుగు రైలు

స్టేషన్లో వాడు నా చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టాడు. ఎండు నెత్తళ్లు వేయించి, కొంబుతో కలిపి పొడి కొట్టాడట, వేడినీళ్లలో ఒక చెంచా వేసుకుని తాగమన్నాడు. మూత బిగించాననే అనుకున్నాను. ఏసీ బోగీలో అర్ధగంట గడిచేసరికి ఎదుటి బెర్తు ఆవిడ ముక్కు మీద కొంగు పెట్టుకుంది.

"ఎండు చేపలేమైనా తెచ్చారాండీ?"

"లేదండీ, జపాను సూపు పొడి" అన్నాను.

ఆవిడ కొంగు తీసి, నన్ను నిదానంగా చూసి, "మాది సోంపేటండీ. నాకు నెత్తళ్ల వాసన తెలీదా?" అంది. తర్వాత చుట్టూ ఒకసారి చూసి, తన టిఫిన్ బాక్సు మూత తీసి నా ముందుకు జరిపింది. "కొంచెం వెయ్యండి."